ఇరవై నాలుగు టిక్కుల బాబాయి

కాలానికి కాపలా కాసే మనిషి అన్ని చోట్లకూ టైముకు వస్తాడని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. టిక్కు బాబాయి ఎక్కడికీ టైముకు వెళ్ళి ఎరగడు. పంటి డాక్టరు దగ్గర ఆయన తర్వాత రావలసిన ముగ్గురు పళ్ళు పీకించుకుని, బుగ్గలు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆయన ఎక్కుతుండేవాడు. కూతురు పుట్టిన రోజున ఆస్పత్రికి చేరేసరికి ఆ పిల్ల ఈ లోకాన్ని ఒకసారి చూసి, పాలు తాగి, నిద్రకూడా పోయింది. ఆలస్యానికి కారణం మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఎక్కడో రెండు వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి వినడం లేదు. వాటి మధ్య కూర్చుని ఆయన రాజీ కుదురుస్తూ ఉండిపోయాడు.

పగలంతా ఆయన ఒక వాయిద్యాల దుకాణం వెనక గదిలో ఉంటాడు. ఒకటే కిటికీ, దాని ముందు బల్ల. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, స్పిరిట్ సీసా, సీసా మూతల్లో రకరకాల స్క్రూలు, నాలుగైదు టూత్ బ్రష్షులు. ఆ బ్రష్షులు ఇంటివే. పిన్ని కొత్తది కొన్న రెండు వారాలకు అది ఇంట్లోంచి మాయమై, ఎవరిదో కీబోర్డు మీటల కింద దుమ్ము దులుపుతూ తేలేది. పిన్ని అంటే ఆయన భార్యే. ఆయన అందరికీ బాబాయి కాబట్టి ఆ వరసన ఆవిడ అందరికీ పిన్ని అయింది.

సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రా. అందులో మనుషులు నలుగురే. గిటారు వాయించే లీడరు, కీబోర్డమ్మాయి, పాడే పిన్ని, వెనక బాబాయి. కళ్ళు మూసుకుని వింటే మాత్రం పదిహేను మంది వాయిస్తున్నట్టు ఉంటుంది. మిగతా పదకొండు మందీ బాబాయి పెట్టెల్లో ఉంటారు. ఒక పెట్టెలో డ్రమ్ములు, ఒకదాంట్లో బేస్ గిటారు, రెండు కీబోర్డుల్లో వయొలిన్లు, వేణువు, గంటలు. ఎవరేం వాయించాలో ముందే వాటికి నేర్పి ఉంచుతాడు. నేర్పడం కష్టం కాదు. అందరిచేతా ఒకే క్షణంలో వాయించడమే కష్టం.

ఎందుకంటే ప్రతి పెట్టెకూ లోపల సొంత గడియారం ఉంటుంది. నిమిషానికి నూట పది తాళపు దెబ్బలని అన్నీ ఒట్టేసి చెప్తాయి. ఏదీ అబద్ధం చెప్పదు. అయినా రెంటిని ఒకేసారి వదిలితే మొదటి చరణం దాకా చేతులు పట్టుకుని నడుస్తాయి, రెండో చరణంలో ఒకటి కాస్త వెనకబడుతుంది, పాట ముగిసేసరికి ఎవరి దారి వారిదే. అందుకని ఒక పెట్టెను యజమానిగా పెడతారు. అది ప్రతి దెబ్బకూ ఇరవై నాలుగు టిక్కులు కేబుల్లోంచి పంపుతుంది. మిగతావి తమ గడియారాలు కట్టిపెట్టి ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ వాయిస్తాయి. ఆ టిక్కులు జనానికి వినపడవు. ఒకరే చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అని బాబాయి కనపడ్డవాళ్ళకల్లా చెప్పేవాడు. టిక్కు బాబాయి అన్న పేరు అలా వచ్చిందే.

విన్నంత మాత్రాన సరిపోదు మళ్ళీ. కొన్ని పెట్టెలు బద్ధకిష్టివి. టిక్కు అందాక నిదానంగా పలుకుతాయి. ఏది ఎంత ఆలస్యమో బాబాయి ఒక పొడుగాటి నోటు పుస్తకంలో సెకనులో వెయ్యో వంతుల్లో రాసుకున్నాడు. పాత కీబోర్డు, పదకొండు. తెల్ల పెట్టె, నాలుగు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే చుట్టానికి భోజనాలు గంట ముందే అని చెప్తాం చూడండి, అలా బద్ధకపు పెట్టెకు టిక్కు కాస్త ముందుగా పంపేవాడు. అప్పుడు అందరూ ఒకేసారి వచ్చినట్టే ఉంటుంది.

ఆ పుస్తకం చివరి పేజీలో మనుషులు కూడా ఉన్నారు. లీడరు ముందుకు పరిగెత్తుతాడు, సంతోషం వస్తే మరీను. కీబోర్డమ్మాయి ఎడమ చెయ్యి ఎనిమిది వెనక. పిన్ని పేరు ఎదురుగా సున్నా. ఆ సున్నాను చూసుకుని ఆయన లోలోపల తెగ మురిసిపోయేవాడు, అదేదో తన ప్రతిభ అయినట్టు. తన పేరు ఆ పేజీలో రాసుకోలేదు. రాసుకోవాలని తోచనే లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వేదిక మీద బాబాయి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు ఉంటాయి. యజమాని పెట్టె ఆయనకు మాత్రం టిక్కు టిక్కుమని వినిపిస్తూ ఉంటుంది. కళ్ళు పెట్టెల లైట్ల మీద. పాతికేళ్ళుగా పిన్ని ఆయనకు నాలుగడుగుల ముందు నిలబడి పాడింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వేదిక మీద ఆవిడ పాటను ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదు. దీపం కిందే చీకటి అన్న పెద్దలు ఇలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

రెండేళ్ళ కిందట పిన్నికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. బాబాయి ఆ ఇరవై రెండు రోజులూ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గోడ మీది మెషీన్ చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటూ గుండె గుప్పిట్లో పెట్టుకుని గడిపాడు. ఆవిడ తిరిగి వచ్చింది. గొంతు కూడా చెక్కుచెదరకుండా వచ్చింది. ఊపిరే పూర్తిగా రాలేదు. పాడైన ముక్క మళ్ళీ చిగురించదని డాక్టరు చెప్పాడు. ఒక పంక్తి పాడాక తర్వాతి పంక్తికి ఊపిరి తీసుకోవడానికి ఒకసారి క్షణం పడుతుంది, ఒకసారి మూడు క్షణాలు. ఎప్పుడెంతో ఆవిడకే తెలియదు. పెట్టెలకు అవన్నీ ఏం పట్టాయి, వాటి మానాన అవి ముందుకు పోతాయి.

ఆర్కెస్ట్రాకు పాతికేళ్ళు నిండుతున్నాయని లీడరు పెద్ద హాలు మాట్లాడాడు. ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం. ఒకరోజు సాయంత్రం అతను ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు. ఎండల సంగతి చెప్పాడు, హాలు కుర్చీల సంగతి చెప్పాడు, చివరికి అసలు సంగతికి వచ్చాడు. ప్రతి కార్యక్రమాన్నీ ముగించే పాట ఒకటుంది. లీడరు కుర్రతనంలో కట్టింది. ఊరి నుంచి ఆలస్యంగా ఇల్లు చేరుతున్న మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళతో చెప్పుకునే పాట. దాని ఆఖరి పంక్తి, ‘దీపం ఆర్పకు, దారిలో ఉన్నా.’ మొదటిరోజు నుంచీ అది పిన్ని పాటే. ఈసారి దాన్ని కీబోర్డమ్మాయి చేత పాడిద్దామని, పిన్నికి ముందు వరసలో మంచి కుర్చీ వేద్దామని అతను అన్నాడు. అతని మనసులో చెడ్డ ఏమీ లేదు. ఆయాసపడుతూ నలుగురి ముందు పాట మధ్యలో ఆగిపోతే ఆవిడ తట్టుకోలేదని అతని భయం.

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. పిన్ని బయటికి వచ్చి, సరేలే నాయనా నీ ఇష్టం అంది. అతను వెళ్ళాక గుమ్మంలో నిలబడి బాబాయితో మెల్లగా చెప్పింది.

“కుర్చీలో కూర్చుని నా పాట నేను వినడం నావల్ల కాదండీ. ఆ రోజు నేను ఇంట్లోనే ఉంటాను. మీరు వెళ్ళి రండి.”

అంత మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. బాబాయి చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, స్కూటరు స్టార్టు చేస్తున్న లీడర్ని పట్టుకుని పదిరోజులు గడువు అడిగాడు. పదిరోజుల్లో తను ఏదో ఒకటి చేస్తానన్నాడు. ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

మొదట పెట్టెలన్నీ ఆపేసి ఒక్క గిటారుతో పాడించి చూశారు. లీడరు ఆవిడ కోసం ఎక్కడ కావాలంటే అక్కడ ఆగాడు. పాట మొత్తం పూర్తయింది కూడా. పిన్ని మాత్రం పథ్యం కూడు తిన్న మొహం పెట్టింది. గంటలు లేవు, వయొలిన్లు లేవు, తన వెనక పదకొండు మంది లేరు. రోగి కోసం ఉప్పూ కారం తీసేసినట్టుంది, ఇలాగైతే వద్దు అంది. తర్వాత బాబాయి నూట పదిని తొంభై చేశాడు, ఎనభై చేశాడు. అప్పుడు ఊపిరి సరిపోయిన చోట పాట ఈడ్చుకుంటూ నడిచింది, సరిపోని చోట ఎలాగూ సరిపోలేదు.

ఆవిడ ఏ పంక్తికి ఎంత ఊపిరి ఖర్చుపెట్టేదో ఒకప్పటి లెక్క చూద్దామని ఆయన చెప్పుల డబ్బాలోంచి పాత క్యాసెట్లు తీశాడు. పాతికేళ్ళ కార్యక్రమాలు అందులో ఉన్నాయి. దుకాణం వెనక గదిలో, మధ్యాహ్నం, స్టాప్‌వాచీ పట్టుకుని, ఈసారి చెవుల్లో ఏ టిక్కూ లేకుండా విన్నాడు.

ఆర్కెస్ట్రా మొదలైన కొత్తల్లో కేబుల్ కట్టే వసతి ఉన్న పెట్టెలు వాళ్ళకు లేవు. బాబాయి అప్పుడూ చెవుల్లో ఒక పెట్టె టిక్కులే వింటూ, రెండు పెట్టెల బొత్తాలూ రెండు చేతులతో ఒకేసారి నొక్కేవాడు. చరణం చివరికి అవి ఎడం అయ్యేవి కాబట్టి రెంటినీ ఆపి, సర్ది, మళ్ళీ ఒకేసారి నొక్కేవాడు. అదంతా రెప్పపాటులో జరిగిపోయేదని ఆయన గట్టి నమ్మకం. జనం ఎవరూ పసిగట్టలేదు కదా మరి. ఇప్పుడు క్యాసెట్లో విన్నాడు. చరణం ముగిసింది. పెట్టెలు ఆగిపోయాయి. అక్కడ ఉండాల్సిన ఖాళీలో పిన్ని గొంతు ఉంది. ఆఖరి అక్షరాన్ని ఆవిడ సాగదీసింది, ఇంకా సాగదీసింది, కిందికి దింపి మళ్ళీ పైకెత్తింది, బొత్తాలు టక్కుమన్నాక దాన్ని నెమ్మదిగా పల్లవిలో కలిపింది. జనం చప్పట్లు కొట్టారు. బాబాయి స్టాప్‌వాచీ చూసుకున్నాడు. నాలుగు సెకన్లు.

వరసగా క్యాసెట్లన్నీ పెట్టాడు. మూడు సెకన్లు, నాలుగు, అయిదు. ఒక క్యాసెట్లో ఏడు. ఆ రోజు వేలు జారి తప్పు బొత్తాం నొక్కినట్టు గుర్తు. ఏడు సెకన్లపాటు హాలంతటికీ, పెట్టెలన్నిటికీ, ఆయనకీ కలిపి ఆవిడ ఒక్క ఊపిరితో ఆసరా ఇచ్చి నిలబడింది. కేబుల్ పెట్టెలు కొన్న నెల నుంచి క్యాసెట్లలో ఆ సాగదీత మాయమైంది. దాని అవసరం తీరిపోయింది మరి.

బాబాయి క్యాసెట్లన్నీ వరసగా డబ్బాలో సర్దేశాడు. తర్వాత నోటు పుస్తకం చివరి పేజీ తీసి, పిన్ని పేరు ముందున్న సున్నాను కొట్టెయ్యబోయి ఆగిపోయాడు. దాని కింద తన పేరు రాసి, ఎదురుగా ఏడు సెకన్లు అని రాశాడు. వెయ్యో వంతులు తప్ప మరోటి ఎరగని పుస్తకంలో అది కొండలా కనిపించింది.

ఇంటికి వెళ్ళి ఆవిణ్ణి నిలదీశాడు. నిలదీయడమంటే, ఆవిడ ఆరిన బట్టలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని ఒక తువ్వాలును నాలుగుసార్లు తప్పుగా మడత పెట్టి, అప్పుడు అడిగాడు.

“ఏడు సెకన్లు పట్టుకున్నావు ఒకసారి. ఎప్పుడూ చెప్పలేదేం?”

“చెప్పడానికేముంది? మీరు నా వెనక ఉండేవారు, మీ చేతులు నాకు కనిపించేవి కావు. బొత్తాం టక్కుమనేదాకా పట్టుకునేదాన్ని.” ఆవిడ ఆ తువ్వాలు లాక్కుని సరిగ్గా మడత పెట్టింది. “చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారు. అన్నం మానేస్తారు.”

అది నిజమే. ఆ రోజు అన్నం మానేయలేదు గానీ ఏం తిన్నాడో ఆయనకు తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి పెట్టెలకు సరిపోయేలా చేద్దామని తను పడ్డ పాట్లు తలుచుకుంటే సిగ్గేసింది. పాతికేళ్ళూ పెట్టె చెప్పింది, ఆవిడ వింది. ఇక ఆవిడ చెప్పాలి, పెట్టెలు వినాలి. అంతవరకు తేలింది. ఎలా అన్నది తేలలేదు.

కాలితో తొక్కే పెడల్ ఒకటి తయారు చేశాడు. ఆవిడ పాటను బట్టి తను దెబ్బ దెబ్బకూ తొక్కితే, ఆ దెబ్బలనుంచి టిక్కులు పుడతాయి. మొదటిసారి వాళ్ళింటి ముందు గదిలో దాన్ని నడిపినప్పుడు, పాత యజమాని పెట్టెను ఆపడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళుగా లోకానికి ఒక ఒర, రెండు కత్తులు అని నీతులు చెప్పిన మనిషి! కీబోర్డులకు ఇద్దరి టిక్కులూ అందాయి, దెబ్బకు నలభై ఎనిమిది. పాట కుక్క తరిమినట్టు పరిగెత్తింది. వేణువు పిచ్చుకలా కూసింది. పిన్ని గోడకు ఆనుకుని, ఆయాసం వచ్చేదాకా నవ్వింది. తప్పు దిద్దాక ఇంకో చిక్కు వచ్చింది. ఆవిడ ఊపిరి కోసం ఆగినప్పుడల్లా పాట నెమ్మదించిందనుకుని పెట్టెలు కూడా నెమ్మదించేవి, ఆవిడ అందుకున్నాక కూడా ఆ నెమ్మది వదిలేవి కావు. గడువులో ఆరు రోజులు అలా కరిగిపోయాయి.

ఏడో రోజు సాయంత్రం అందరూ ఆ గదిలోనే ఉన్నారు. మళ్ళీ పాత పద్ధతిలో, పాత యజమాని అయిన డ్రమ్ముల పెట్టే టిక్కులు చెప్తోంది. పిన్ని మొదటి చరణం మధ్యలో ఉంది. బాబాయి విసుగు పుట్టి మంచినీళ్ళ కోసం లేచాడు. తన కేబుల్ దరిదాపుల్లోకి ఎవరి కాలొచ్చినా ఇల్లు పీకి పందిరేసే బాబాయి, తన కాలితోనే దాన్ని లాగేశాడు. టిక్కులు తెగిపోయాయి. డ్రమ్ములు ఒంటరిగా కొట్టుకుంటూ పోయాయి. కీబోర్డులు మాత్రం ఏ స్వరం మీద ఉన్నాయో దాన్నే పట్టుకుని ఉండిపోయాయి. ఇక వదులు అని చెప్పే టిక్కు వాటికి అందలేదు కదా.

ఆ వృత్తిలో దాన్ని స్వరం వేలాడటం అంటారు. అదొక జబ్బు. స్వరం వేలాడుతోందని బాబాయి బల్ల మీదికి ఎన్ని కీబోర్డులు వచ్చాయో, ఎన్నిటికి ఆయన వైద్యం చేశాడో లెక్కలేదు. అలవాటుకొద్దీ కీబోర్డు కట్టెయ్యడానికి చెయ్యి చాచాడు. పిన్ని అరచెయ్యి ఎత్తి ఉండమంది. ఆవిడ డ్రమ్ముల వైపు చూస్తే కీబోర్డమ్మాయి వాటిని తగ్గించేసింది. గదిలో వయొలిన్లు ఒక్కటే స్వరం మీద, నేల మీద పరిచిన చాపలా, కదలకుండా ఉన్నాయి. ఆ స్వరం మీద నిలబడి పిన్ని తొందర లేకుండా, భుజాలు పైకి లేచేదాకా, తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత బాబాయి వైపు చూసి తలూపింది. ఆయన నేల మీద మోకాళ్ళూని కేబుల్ గుచ్చాడు. ఆగిన చోటి నుంచే వయొలిన్లు కదిలాయి, ఆవిడ వాటితో కలిసి రెండో పంక్తి అందుకుంది. డ్రమ్ములు ఎటో పోయాయి, వాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

పాట అయ్యాక లీడరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, వాటి మీద దుమ్మేమీ లేకపోయినా. పిన్ని కుర్చీ సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు.

మిగతాదంతా బల్ల పని. బాబాయి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి చేసి, దానికి ఒకే ఒక్క బొత్తాం పెట్టాడు. ఇక టిక్కులు దాంట్లోంచే పుడతాయి. బొత్తాం నొక్కిపడితే ఆగుతాయి, వదిలితే ఆగిన చోటి నుంచే నడుస్తాయి. ఇన్నేళ్ళు పెత్తనం చేసిన డ్రమ్ముల పెట్టెను కూడా దించి, వినేవాళ్ళ వరసలో కూర్చోబెట్టాడు. అంతా సిద్ధమయ్యాక ఒక్కటే మిగిలింది. ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో ఏ పెట్టె కూడా ఆయనకు చెప్పదు. ఆవిడ భుజాలు చూసి తెలుసుకోవాలి, ఆవిడ గొంతు విని తెలుసుకోవాలి. అంటే హెడ్‌ఫోన్లు తీసెయ్యాలి, బల్ల ఆవిడ వైపు తిప్పుకోవాలి. టిక్కు లేని చెవులతో వేదిక ఎక్కడమంటే ఈతరానివాడు నీళ్ళలోకి దిగినట్టే ఉంది ఆయనకు. మూడు రోజులు పొద్దున్నే సాధన చేశారు. తప్పు నొక్కినప్పుడల్లా పిన్ని మళ్ళీ మొదటినుంచి పాడేది.

ఆదివారం బాబాయి గంట ముందు హాలుకు చేరాడు. వాచ్‌మన్ ఇంకా తాళం తీయలేదు. లీడరు వచ్చి, మెట్ల మీద కూర్చున్న ఆయన్ని చూసి, తన వాచీ ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

మొదటి పాటలన్నీ కీబోర్డమ్మాయీ లీడరూ పాడారు. చివరికి పిన్ని లేచింది. బాబాయి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. బొటనవేలు బొత్తాం మీద ఉంది. ఆవిడ మొదటి పంక్తి ఎత్తుకుంది. అప్పుడు ఆయనకు కలిగిన బాధను ఏమనాలో నాకు తెలియదు. సంతోషమే, కానీ బాధగా ఉంది. సాధనలో ఆ గొంతు విన్నాడు, వంటింట్లో విన్నాడు, క్యాసెట్లో విన్నాడు. వేదిక మీద, జనం నిశ్శబ్దం మీద పరుచుకున్న ఆ గొంతును వినడం ఇదే మొదలు. పాతికేళ్ళపాటు దీని బదులు తను టిక్కులు విన్నాడు.

పంక్తి ముగిసింది, భుజాలు కుంగాయి, ఆయన నొక్కాడు. పదకొండు మందీ ఆగారు. భుజాలు లేచాయి, వదిలాడు, అందరూ కదిలారు. పంక్తి పంక్తికీ అలాగే. జనానికి అది ఆ పాట తీరే అనిపించింది, ప్రతి పంక్తి దగ్గరా ఎవరో ఎవరికోసమో గుమ్మంలో కాచుకున్నట్టు. రెండు చరణాలూ దాటాయి. ఇక ఆఖరి పంక్తి మిగిలింది.

ఆవిడ దాని ముందు ఆగింది. ఆయన నొక్కాడు. వయొలిన్లు ఒక స్వరం మీద నిలిచాయి. భుజాలు కుంగే ఉన్నాయి. ఒక సెకను. రెండు. సాధనలో ఎప్పుడూ మూడు దాటలేదు. ఇప్పుడు మూడు దాటింది. పైన ఫ్యాను చప్పుడు వినపడుతోంది. లీడరు వేళ్ళు తీగల మీదినుంచి లేచాయి, అతను బాబాయి వైపు చూసి వదిలెయ్యమని కళ్ళతో సైగ చేశాడు. వదిలితే వయొలిన్లు కదిలి, పాటను అవే ముగిస్తాయి, చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఆవిడ పంక్తి మాత్రం పోతుంది. ఆవిడకు ఏమైనా అయిందా అన్న భయంతో బాబాయి కాళ్ళు లేవబోయాయి, వేలు మాత్రం బొత్తాం మీదినుంచి కదల్లేదు. ఎంతసేపైనా సరే, ఆవిడ లేకుండా ఈ పాట ఇల్లు చేరదు.

భుజాలు లేచాయి. ఆయన వదిలాడు. ‘దీపం ఆర్పకు, దారిలో ఉన్నా’ అని ఆవిడ పాడింది, పదకొండు మందీ ఆవిడ వెనకే వచ్చారు, ఒక్కరు కూడా వెయ్యో వంతు అటూ ఇటూ కాకుండా.

జనం వెళ్ళిపోయాక వేదిక మీద ఇద్దరే మిగిలారు. బాబాయి కేబుళ్ళు చుట్టుకుంటున్నాడు, పిన్ని ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. ఆయన కేబుల్ చుట్ట పక్కన పెట్టి, ఆ చివర్లో ఊపిరి అంతసేపు అందలేదేం, రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నాడు.

పిన్ని గ్లాసు కింద పెట్టింది.

“ఊపిరి రెండు సెకన్లకే అందిందండీ,” అంది. “ఏడు దాకా లెక్కపెట్టుకున్నాను.”